ఇల్లరికపు లెన్సు

పెళ్ళి ఫొటోల పని మానేసి ధవళేశ్వరంలో ఇంటిపట్టున కూర్చున్నాక నాకు కొత్తగా ఇంకో ఉద్యోగం దొరికింది. కెమెరా కొత్తగా పట్టిన పిల్లలు సాయంకాలం వేళ గేటు తీసుకుని వస్తారు. మంచినీళ్ళు తాగుతారు, గోడ మీది ఫొటోలు చూస్తారు, నా మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయని అడుగుతారు. ఆ తర్వాత అసలు మాట బయటపెడతారు. "మేడమ్, 70-200 కొందామనుకుంటున్నానండి. కంపెనీదే తీసుకోమంటారా, బయటిది తీసుకోమంటారా?"

ఈ పనిలో లేనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పాలి. 70-200 అంటే దూరాన నిలబడి మనిషిని దగ్గరగా తీసే పొడవాటి జూమ్ లెన్సు. మీద ఉన్న రింగు తిప్పితే మనిషి దగ్గరకొస్తాడు, వెనక్కి తిప్పితే దూరం జరుగుతాడు. కెమెరా తయారుచేసిన కంపెనీయే చేసిన లెన్సుని మేం కంపెనీ లెన్సు అంటాం. వేరే ఎవరో అదే కెమెరాకి సరిపోయేట్టు చేసి తక్కువ ధరకి అమ్మేది బయటి లెన్సు. నా పని జీవితంలో సగం ఈ రెండింటి మధ్య తగాదాతోనే గడిచింది. నేను బయటి లెన్సు వైపు, మా మాస్టారు కంపెనీ లెన్సు వైపు.

వచ్చిన ప్రతివాళ్ళకీ ఆ కథంతా మొదట్నుంచీ చెప్పే ఓపిక నాకు లేదు. అందుకే రాసి పెడుతున్నాను. ఏ ఊళ్ళో ఎన్ని పెళ్ళిళ్ళు తీశానో, ఎవరు శాలువా కప్పారో ఇందులో వెతక్కండి. అవి మీకు పనికిరావు, నాకూ పెద్దగా పనికిరాలేదు.

మాస్టారి వీపు

మా మాస్టారి పేరు దానియేలు. రాజమండ్రిలో చిన్న స్టూడియో ఉండేది. పెళ్ళిళ్ళూ, చర్చి పండగలూ, బళ్ళలో గ్రూపు ఫొటోలూ ఆయన పని. నేను అక్కడ చేరింది ఫొటోల మీద మచ్చలు దిద్దే పనికి. పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసే గదిలోకి మగ ఫొటోగ్రాఫర్ వస్తే ముసలమ్మలు మొహం చిట్లిస్తున్నారని, ఒకరోజు నా చేతికి కెమెరా ఇచ్చి, "వరం, లోపలికెళ్ళి నాలుగు తీసుకురామ్మా" అన్నారు. నా పూర్తి పేరు వరలక్ష్మి. ఆయన ఒక్కరే వరం అంటారు. అలా గదిలోకి వెళ్ళినదాన్ని మళ్ళీ మచ్చలు దిద్దే బల్ల దగ్గరికి రాలేదు.

లెన్సు గురించి నాకు మొదటి పాఠం చెప్పింది మాస్టారు కూడా కాదు, ఆత్రేయపురం పెళ్ళిలో ఒక అమ్మమ్మ గారు.

మన పెళ్ళిళ్ళలో జీలకర్ర బెల్లం ఘడియ మీకు తెలుసు. వధూవరుల మధ్య అడ్డుతెర పట్టుకుంటారు. ముహూర్తానికి ఒకరి తల మీద ఒకరు చెయ్యి పెడతారు, తెర దించుతారు, అంతే. ఆ కాస్త సేపు కోసమే ఊళ్ళవాళ్ళంతా వస్తారు. మేం కూడా ఆ కాస్త సేపు కోసమే మండపం ముందు గుంపు కడతాం. అప్పట్లో మాస్టారి దగ్గర దూరం తీసే లెన్సు లేదు. కాబట్టి ఆయన సరిగ్గా మండపం ముందే, అందరికీ అడ్డంగా నిలబడ్డారు. నేను పక్కన ఫ్లాషు పట్టుకున్నాను.

వెనకనుంచి విసనకర్రతో ఎవరో నా భుజం మీద తట్టారు. చూస్తే పెళ్ళికూతురి అమ్మమ్మ.

"అమ్మాయ్, నా మనవరాలి పెళ్ళి చూద్దామని వచ్చానే. పొద్దుట్నుంచీ మీ మాస్టారి చొక్కా చూస్తన్నాను. చొక్కా బాగానే ఉంది గానీ, కాసింత పక్కకి జరగమను."

చుట్టుపక్కల కూర్చున్న ఆడవాళ్ళంతా నవ్వారు. మాస్టారు గబుక్కున పక్కకి జరిగారు. ఆ జరగడంలో తెర దిగిపోయింది. మా ఫొటోలో చేతులు అప్పటికే తలల మీంచి వెనక్కి వస్తున్నాయి. అమ్మమ్మ గారికి కూడా దక్కింది అంతే.

తిరిగొచ్చేటప్పుడు బొబ్బర్లంక దాటేదాకా మాస్టారు దారి వైపే చూస్తూ కూర్చున్నారు. ఫొటో పోయిందని బాధపడుతున్నారనుకున్నాను. బ్యారేజీ మీదకి వచ్చాక అన్నారు.

"ఆవిడ చూడవలసింది మనం అడ్డం నిలబడి లాగేసుకున్నాం వరం. మన వీపు ఎవరి కంట్లోనూ పడకూడదు."

కొన్నాళ్ళకి ఆ పొడవాటి కంపెనీ లెన్సు కొన్నారు. నల్లగా, రుబ్బురోలు పొత్రమంత బరువుగా ఉండేది. వానకీ ఎండకీ తట్టుకునేట్టు మాస్టారి భార్య గ్రేసమ్మ గారు పాత గొడుగు గుడ్డతో దానికి ఒక తొడుగు కుట్టారు. ఆ తొడుగులోంచే మాస్టారు రింగు తిప్పేవారు. అప్పట్నుంచీ మేం ఏ పెళ్ళికి వెళ్ళినా చివరి వరసలో, స్తంభం పక్కన నిలబడేవాళ్ళం. ముందు వరసలో ముసలమ్మలు హాయిగా కూర్చుని చూసేవాళ్ళు.

లెన్సు కొనేముందు మిమ్మల్ని మీరు అడగవలసిన మొదటి మాట ఇదే. ఏ కంపెనీది అని కాదు, నేను ఎక్కడ నిలబడతాను, నా వెనక ఎవరు కూర్చుంటారు అని. ముందు నిలబడే అలవాటు మానని వాడికి రెండు లెన్సులూ దండగే. ఈమధ్య డ్రోను తెచ్చి పురోహితుడి నెత్తిన తిప్పుతున్నవాళ్ళని చూస్తే నాకు ఆ విసనకర్ర గుర్తుకొస్తుంది. అలాంటి విసనకర్ర ఒకటి కొని ప్రతి పెళ్ళికీ పంపాలనిపిస్తుంది.

అల్లుడు గారి అలక

తర్వాత నేను ధవళేశ్వరంలో సొంతంగా పని మొదలుపెట్టాను. మాస్టారి లెన్సులాంటిది కొనాలనే అనుకున్నాను. అరువు తెచ్చుకుని ఒక పెళ్ళి మొత్తం మోశాను. మర్నాడు జడ వేసుకోవడానికి చెయ్యి పైకి లేవలేదు. అప్పుడు బయటి లెన్సు కొన్నాను. తేలిక, ధర కూడా నా తాహతుకి దగ్గర. పైగా అందులో చేతి కదలికని తట్టుకునే ఏర్పాటు ఉంది. మాస్టారి దాంట్లో అది లేదు, పాతకాలం లెన్సు.

చూపిద్దామని రాజమండ్రి పట్టుకెళ్ళాను. మాస్టారు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"బాగానే ఉన్నాడమ్మా. ఇల్లరికపు అల్లుడు."

"అదేంటండీ?"

"వేరే ఇంట్లో పుట్టాడు, మన ఇంట్లో ఉంటాడు. పని చేస్తాడు, కాదనను. కానీ మన ఇంటి పద్ధతి కాస్త మారితే చాలు, అలుగుతాడు. అప్పుడు బతిమాలుకోవాలి."

ఆ రోజు నుంచీ నా లెన్సుకి అదే పేరు. ఫోన్ చేసినా, దారిలో కనబడినా, "అల్లుడు గారు కులాసాయేనా?" అని అడిగేవారు. నేనూ ఊరుకోలేదు. "మీ వాడికంటే బరువు తగ్గాడండి, ఆరోగ్యంగా ఉన్నాడు" అనేదాన్ని. ఇద్దరం ఒకే పెళ్ళిలో తీసినప్పుడు ఫొటోలు కలిపేసి, ఏది ఎవరిదో చెప్పమని పందెం వేసుకునేవాళ్ళం. ఎక్కువసార్లు ఇద్దరం తప్పు చెప్పాం. చూసేవాడికి తెలియని తేడా కోసం మనం ఎంత గొంతు చించుకుంటామో అప్పుడే తెలిసింది.

అయినా మాస్టారి మాటలో నిజం లేకపోలేదు. కెమెరా కంపెనీవాళ్ళు కెమెరాకి కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చిందని చెబితే, ద్రాక్షారామంలో పెళ్ళికి వెళ్ళే ముందు రోజు ముచ్చటపడి ఎక్కించాను. పెళ్ళిలో లెన్సు ఫోకస్ పట్టడం మానేసింది. ముందుకీ వెనక్కీ గిరగిరా తిరుగుతుందే తప్ప ఒకచోట ఆగదు. మండపంలో మంగళసూత్రం అందరి చేతులకీ తాకించి అక్షింతలు పంచుతున్నారు. లెన్సు ఊడదీసి మళ్ళీ తగిలించాను, అదే తంతు. ఆ పెళ్ళికి మాస్టారు కూడా పెళ్ళివారు పిలిచినందుకు వచ్చి కూర్చున్నారు. నా మొహం చూసి ఆయనే లేచి వచ్చారు. ఇద్దరివీ ఒకే కంపెనీ కెమెరాలే కాబట్టి, కారులో ఉన్న తన లెన్సు తెప్పించి నా కెమెరాకి తగిలించారు.

పురోహితుడు గట్టిమేళం అన్నాడు. నేను పెళ్ళికొడుకు చేతుల మీదకి దగ్గరగా వెళదామని రింగు తిప్పాను. దగ్గరకి రావలసింది పోయి మండపం మొత్తం వెనక్కి జరిగిపోయింది. మాస్టారి లెన్సులో ఎడమకి తిప్పితే దగ్గరకొస్తుంది, నా లెన్సులో కుడికి తిప్పాలి. ఆ సంగతి నాకు తెలుసు గానీ నా మణికట్టుకి తెలియదు. తడుముకుని సర్దుకునేసరికి మొదటి ముడి అయిపోయింది. మూడు ముళ్ళు ఉంటాయి కాబట్టి బతికిపోయాను.

భోజనాల దగ్గర పక్కన కూర్చుని మాస్టారు గారె విరుస్తూ అడిగారు. "అల్లుడు గారు అలిగారా?"

"అలిగారండి."

"మావాడు మాట విన్నాడా?"

"వినలేదండి."

ఆయన అంతగా నవ్వడం నేను అంతకుముందెప్పుడూ చూడలేదు. వడ్డించేవాడు సాంబారు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

ఇందులో మీరు తీసుకోవలసిన మాటలు తీసుకోండి. బయటి లెన్సు వాడేవాళ్ళు పెళ్ళి ముందు కెమెరాకి ఏ కొత్త సాఫ్ట్‌వేరూ ఎక్కించకండి. ఎక్కించాక ఇంట్లో వాళ్ళనో, పెరట్లో కోళ్ళనో తీసి చూసుకున్నాకే పనికి పట్టుకెళ్ళండి. కంపెనీ లెన్సుకి ఈ బెడద తక్కువ. వానలో, ఇసకలో, కొబ్బరి తోటల్లో గాలిదుమారంలో అది మొండిగా పనిచేస్తుంది. అమ్ముకుందామంటే తొందరగా పోతుంది కూడా. కానీ ఫొటో నాణ్యతలో తేడా మా రోజుల్లో ఉన్నంతగా ఇప్పుడు లేదు. కొన్ని బయటి లెన్సులు కంపెనీవాటికంటే బాగున్నాయని నేనే ఒప్పుకుంటాను. ఖరీదైన కంపెనీ లెన్సుల మీద ఉండే రంగు గీత చూసి పెళ్ళివారు ముందుగా కాఫీ ఇస్తారని కొనేవాళ్ళు కూడా ఉన్నారు. ఆ కాఫీ నేనూ తాగాను, మామూలు కాఫీయే.

ఒకే పనికి రెండు రకాల లెన్సులు కలిపి వాడకండి. చెయ్యి ఒక వైపుకే అలవాటుపడుతుంది. అది చాలా ముఖ్యమైన సంగతి, దాన్ని ఏ దుకాణంలోనూ చెప్పరు.

బల్బు బీరువా

మన ప్రాంతంలో లెన్సుకి అసలు శత్రువు చెమ్మ. నాలుగు వైపులా కాలవలు, ఏడాదిలో సగం రోజులు గోడలు చెమరుస్తాయి. బీరువాలో పెట్టి మరిచిపోతే అద్దం లోపల సాలెగూడులా ఫంగస్ పాకుతుంది. ఫంగస్‌కి కంపెనీ పేరు చదవడం రాదు, దేన్నైనా తింటుంది. ఎవరో చెబితే నేను ఒక పాత లెన్సుని బియ్యం డబ్బాలో పెట్టాను. తవుడు రింగులోకి దూరి, తిప్పితే కరకరమంది. అన్నం మాత్రం మామూలుగానే ఉడికింది.

మాస్టారి పద్ధతి వేరు. రాజమండ్రిలో వాళ్ళింటి మేడ మీద గదిలో ఒక చెక్క బీరువా ఉంది. దాని అడుగున ఎప్పుడూ ఒక చిన్న బల్బు వెలుగుతుంటుంది. ఆ వెచ్చదనానికి లోపల చెమ్మ చేరదు. మా ఇల్లు కాలవ గట్టున కాబట్టి, పెళ్ళిళ్ళు లేని మూఢంలో నా లెన్సు కూడా అక్కడే పెట్టేదాన్ని. పని మానేశాక ఇక అక్కడే ఉంచేశాను. మాస్టారి లెన్సు పై అరలో, నాది కింది అరలో. "అల్లుడు గారికి కింద పడక వేశాం, ఏమీ అనుకోడుగా?" అనేవారు.

మాస్టారు కూడా అప్పటికి పని తగ్గించేశారు. స్టూడియో మూసేసి చర్చి కార్యక్రమాలు మాత్రం తీసేవారు. తర్వాత అదీ మానేశారు. ఎందుకో ఆయన చెప్పలేదు. గ్రేసమ్మ గారు చెప్పారు.

"కాఫీ సగం గ్లాసే పొయ్యమంటున్నారమ్మా ఈమధ్య. నిండుగా పోస్తే ఒలుకుతుందంట."

చేతులు వణుకుతున్నాయి. డాక్టరు గారు మందులు ఇచ్చారు. కాస్త తగ్గింది గానీ పోలేదు. నేను వెళ్ళినప్పుడు ఆయన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఒకదాన్ని ఒకటి పట్టుకుని కూర్చునేవారు. నేను చూడనట్టే ఉండేదాన్ని. ఇన్నేళ్ళు ఆ చేతుల వెనక నిలబడి పని నేర్చుకున్నాను. అవి అలా ఒళ్ళో ఉండడం చూస్తే నాకు ఏడుపొచ్చేది.

కాలవ రేవు

మాస్టారిది బాప్టిస్టు సంఘం. వాళ్ళలో పిల్లలు పెద్దవాళ్ళయ్యి, తమంతట తాము విశ్వాసం ఒప్పుకున్నాక నీళ్ళలో ముంచి బాప్తిస్మం ఇస్తారు. ధవళేశ్వరం దిగువన కాలవ రేవులో పొద్దున్నే జరుగుతుంది. తెల్లబట్టలు కట్టుకున్నవాళ్ళు ఒక్కొక్కరే నడుంలోతు నీళ్ళలోకి దిగుతారు. పాస్టరు గారు వీపు కింద చెయ్యి వేసి, వెనక్కి వాల్చి, పూర్తిగా ముంచి లేపుతారు. నీళ్ళలోంచి మొహం పైకి వచ్చే ఆ క్షణమే ఫొటో. పెళ్ళిలో మూడు ముళ్ళు ఉంటాయి, ఇక్కడ ముంచడం ఒక్కసారే. మళ్ళీ చెయ్యమని ఎవరూ అడగరు, అడగకూడదు.

ఫొటోగ్రాఫరు నీళ్ళలోకి దిగకూడదని ఆ సంఘంలో కట్టడి ఉంది. అది పెట్టించింది మాస్టారే. మెట్ల మీద కూర్చున్న తల్లిదండ్రులకి అడ్డం రాకూడదని, ఆయన ఎప్పుడూ పక్క గట్టు మీద దూరంగా నిలబడి తీసేవారు. ఆ సంఘంలో చాలామంది ఇళ్ళలో ఆయన తీసిన బాప్తిస్మం ఫొటో గోడ మీద ఉంటుంది. ఆయన కూతురిది కూడా ఆయనే తీశారు.

ఆ కూతురి కూతురు షారోను. నర్సింగు చదువుతోంది. బాప్తిస్మానికి పేరు ఇచ్చి వచ్చి, "తాతయ్యా, అమ్మది నువ్వే తీశావు. నాది కూడా నువ్వే తియ్యాలి" అంది. మాస్టారు వెంటనే సరే అన్నారు. అన్నాక చేతులు గుర్తొచ్చినట్టున్నాయి. కానీ మనవరాలికి ఇచ్చిన మాట వెనక్కి తీసుకునే మనిషి కాదు.

గ్రేసమ్మ గారు నాకు ఫోన్ చేశారు. "ఏం చేస్తారో తెలియట్లేదమ్మా. ఫొటో రాకపోతే పిల్ల ఏమీ అనుకోదు. ఈయన తట్టుకోలేరు."

నేను వెళ్ళి కూర్చుని, మామూలు మాటల్లో పెట్టి మెల్లగా కదిపాను. "మాస్టారూ, ఈసారి నా లెన్సు వాడి చూడండి. తేలికండి. షేక్ కూడా ఆపుతుంది."

"నాకు షేక్ ఉందని ఎవరన్నారు?"

నేను గోడ మీది వాళ్ళమ్మాయి ఫొటో వైపు చూశాను.

"ఇన్నేళ్ళూ కాదన్నవాణ్ణి, ఇప్పుడు ఆ ఇల్లరికపువాడితో నా మనవరాలి బాప్తిస్మం తియ్యమంటావా వరం?"

నవ్వుతూనే అన్నారు. చేతులు మాత్రం ఒళ్ళోంచి తియ్యలేదు. స్టాండు వేద్దామంటే ఆ గట్టు ఏటవాలు, బురద, నిలవదు. షట్టరు వేగం పెంచితే బొమ్మ చెదరకపోవచ్చు. కానీ అంత దూరం నుంచి తీసేటప్పుడు చెయ్యి వణికితే మనిషే ఫ్రేములోంచి జారిపోతుంది. ఆ బరువైన లెన్సుతో ఆయనకి దక్కేది నీళ్ళూ, ఆకాశమూ, పాస్టరు గారి మోచెయ్యీ. నేను పక్కన ఇంకో కెమెరాతో నిలబడి తియ్యొచ్చు. అది ఆయనకి తెలిస్తే, ఇక జన్మలో కెమెరా ముట్టుకోరు.

బాప్తిస్మం రోజు పొద్దున్నే రాజమండ్రి వెళ్ళాను. "బ్యాగు నేను సర్దుతానండి" అని మేడ ఎక్కాను. బీరువా తీసి, పై అరలోని మాస్టారి లెన్సుకి ఉన్న గొడుగు గుడ్డ తొడుగు తీసి, కింది అరలోని నా లెన్సుకి తొడిగాను. దాన్నే ఆయన కెమెరాకి తగిలించి సంచిలో పెట్టాను. రెండూ నల్లనివే, పొడవు కూడా ఇంచుమించు ఒకటే. వెనక్కి తిరిగితే గుమ్మంలో గ్రేసమ్మ గారు నిలబడి ఉన్నారు.

"సంచీ బరువుగా ఉందా అమ్మా?" అన్నారు.

"లేదండి. ఇవాళ తేలిగ్గానే ఉంది."

ఆవిడ తల ఊపి కిందకి వెళ్ళిపోయారు.

కారు దిగువకి బయల్దేరి ధవళేశ్వరం దాటాక నాకు గుర్తొచ్చింది. రింగు. బరువూ, వణుకూ గురించి ఆలోచించాను గానీ రింగు సంగతి మరిచిపోయాను. ద్రాక్షారామంలో నా చేతికి జరిగిందే ఇవాళ మాస్టారి చేతికి జరుగుతుంది. ఆయన ఎడమకి తిప్పుతారు, షారోను దూరం జరిగిపోతుంది, తడుముకునేసరికి పిల్ల నీళ్ళలోంచి లేచి తల తుడుచుకుంటూ ఉంటుంది. ఇప్పుడు చెప్పాలంటే చేసిన పని చెప్పాలి. ముందు సీట్లో ఆయన ఒళ్ళో చేతులు పెట్టుకుని కాలవ వైపు చూస్తున్నారు. నేను సంచిని ఒళ్ళోకి లాక్కుని కూర్చున్నాను.

రేవులో అప్పటికే పాటలు మొదలయ్యాయి. మాస్టారు ఎప్పుడూ నిలబడే చోటికి నెమ్మదిగా వెళ్ళారు. సంచి తీసి కెమెరా చేతికిచ్చాను. ఆయన దాన్ని ఎత్తారు. ఎత్తి ఒక్క క్షణం ఆగారు. నేను నీళ్ళలోకి చూస్తూ నిలబడ్డాను. అంత బరువు తేడా తెలియని చెయ్యి కాదు అది. అయినా కెమెరా దించలేదు. మోచేతులు పక్కలకి నొక్కిపెట్టుకుని, కన్ను కెమెరాకి ఆనించారు.

షారోను పేరు పిలిచారు. పిల్ల చేతులు జోడించుకుని నీళ్ళలోకి దిగింది. ఒకసారి గట్టు వైపు చూసింది, తాతయ్య ఉన్నాడా లేడా అని. పాస్టరు గారు వీపు కింద చెయ్యి వేశారు.

నేను మాస్టారి ఎడమ చెయ్యే చూస్తున్నాను. వేళ్ళు వణుకుతూనే తొడుగులోపలి రింగు మీద బిగుసుకున్నాయి. మణికట్టు తిరిగింది.

కుడికి తిరిగింది.

తడబాటు లేదు, తిప్పి సర్దుకోవడం లేదు. నా లెన్సు ఎటు తిప్పాలో అటే తిప్పారు. పిల్ల మునిగింది, లేచింది, షట్టరు చప్పుడు చకచకా వినబడింది. మెట్ల మీద వాళ్ళమ్మ ఏడుస్తూ తువ్వాలు పట్టుకుని లేచింది. నేను మాత్రం ఆ మణికట్టు దగ్గరే ఆగిపోయాను.

మాస్టారు కెమెరా నా చేతికిచ్చారు. "నువ్వు చూడు. నాకు ధైర్యం లేదు."

చూశాను. మొదటివాటిలో నీళ్ళే ఉన్నాయి. ఒకదాంట్లో పాస్టరు గారి భుజం. ఆ తర్వాతది తెరిచాక నేను ముందుకి పోలేదు. షారోను మొహం అప్పుడే నీళ్ళలోంచి పైకి వచ్చింది. కళ్ళు మూసి ఉన్నాయి, నోరు గాలి కోసం తెరుచుకుంది, కనుబొమల మీంచి జారే నీటిబొట్లు విడివిడిగా కనబడుతున్నాయి. వాళ్ళమ్మ ఫొటోలో ఉన్నట్టే ఉంది. నేను కెమెరా తెర ఆయన వైపు తిప్పాను. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

"అల్లుడు గారు ఇవాళ అలగలేదమ్మా" అన్నారు.

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "మీకు రింగు ఎటు తిప్పాలో ఎలా తెలిసిందండి?"

ఆయన కళ్ళజోడు మడిచి జేబులో పెట్టుకున్నారు. మా దగ్గరికి వచ్చిన గ్రేసమ్మ గారు చెప్పారు. "షారోను అడిగిన దగ్గర్నుంచీ మధ్యాహ్నం పూట డాబా మీద కూర్చుని నీ లెన్సుతో కాకుల్ని తీస్తన్నారమ్మా. నీకు చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్నారు."

"మరి నేను ఇస్తానంటే వద్దన్నారేంటండి మాస్టారూ?"

"ఇన్నేళ్ళు వెక్కిరించి ఒక్క మాటకే ఒప్పుకుంటే ఏం బాగుంటుంది? నువ్వు ఊరుకోవని తెలుసు. బ్యాగు నేను సర్దుతానన్నావు చూడు, అప్పుడే అర్థమైంది."

"నేను సర్దకపోతేనో?"

ఆయన నీళ్ళ వైపు చూశారు. ఇంకో పిల్లవాడు దిగుతున్నాడు.

"అడిగేవాణ్ణేమో. అడగలేకపోయేవాణ్ణేమో. తెలీదమ్మా."

ఇక మీ ప్రశ్న

ఆ మధ్యాహ్నం వాళ్ళింట్లో భోజనాలయ్యాక మాస్టారు నన్ను మేడ మీదకి రమ్మన్నారు. బీరువా తీసి పై అరలోంచి తన లెన్సు తీశారు. తొడుగు నా లెన్సుకే ఉంచేసి, దీన్ని ఒక తువ్వాల్లో చుట్టి నా సంచిలో పెట్టారు.

"ఇది నువ్వు పట్టుకెళ్ళు. ఇక్కడుంటే ఎవరూ ఎత్తరు. ఎత్తని లెన్సు పాడైపోతుంది."

"మా ఇంట్లో చెమ్మండి మాస్టారూ."

"బల్బు పెట్టుకో."

అందుకే మీరు వచ్చినప్పుడు మా బీరువాలో వెలుతురు కనబడుతుంది. కంపెనీదా, బయటిదా అని మీరు అడిగితే నేను మాట్లాడకుండా ఆ బరువైన లెన్సు మీ చేతిలో పెడతాను. కాలవ అవతలి గట్టున గేదెలు కడిగే మనిషి మీద పట్టి, కాసేపు అలాగే ఉంచమంటాను. కొందరి చెయ్యి నిలుస్తుంది. వాళ్ళకి అది తగును, కొనుక్కోవచ్చు. కొందరు కాసేపటికే దించి భుజం రుద్దుకుంటారు. వాళ్ళు బయటిది కొనుక్కుని, సాఫ్ట్‌వేరు జాగ్రత్తగా చూసుకుంటే చాలు. ఈ పని చెయ్యి కదిలినన్నాళ్ళూ చేసేది. మీ చెయ్యి దేన్ని మొయ్యగలదో చూసుకోండి. రేపు అది మారితే సిగ్గుపడకుండా లెన్సు మార్చుకోండి. మా మాస్టారంతటి వారికే అది ఎంత కష్టమైందో చూశారుగా.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక మాస్టారు ఫోన్ చేస్తారు. షారోను ఫొటో ఫ్రేము కట్టించి వాళ్ళమ్మ ఫొటో పక్కనే పెట్టారు. డాబా మీద కాకులు అయిపోయాయట, ఇప్పుడు చిలకల్ని తీస్తున్నారట. కాఫీ ఇంకా సగం గ్లాసే.

"ఏమ్మా, మావాడు ఎలా ఉన్నాడు? మీ ఇంటికి ఇల్లరికం వచ్చాడు, మర్యాదలు తక్కువ చెయ్యకు."

"ఆయన బాగానే ఉన్నారండి. నేనే ఇంకా రింగు తప్పు వైపుకి తిప్పుతున్నాను."

"తిప్పు, తిప్పు" అంటారు. "నాకు నెల పట్టింది."